ఎచ్చెర్లలో పీజీ చదవబోతున్నారా? చిన్న విశ్వవిద్యాలయ ప్రాంగణ జీవితంపై తరచుగా అడిగే ప్రశ్నలు

పీజీ కోర్సుల ప్రవేశ పరీక్ష పీజీసెట్ సీట్ల కేటాయింపు జాబితా వెలువడిన మరునాటి నుంచి విద్యార్థులు, వారి తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు ఏటా దాదాపు ఒకేలా ఉంటాయి. ఫీజు ఎంత, ఏయే కోర్సులున్నాయి అన్న సంగతులు ప్రవేశాల ప్రకటనలోనే ఉంటాయి కనుక వాటి జోలికి పోవడం లేదు. ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయంలో ఉండి చదువుకోవడం ఎలా ఉంటుంది, మనుషులు ఎలాంటివారు, మా అమ్మాయి అక్కడ నెగ్గుకొస్తుందా అన్న ప్రశ్నలకు మాత్రం ఏ ప్రకటనలోనూ జవాబు దొరకదు. కింది సమాధానాలు అలాంటి ప్రశ్నలకే.

ఇది ఎప్పటి విశ్వవిద్యాలయం? దీన్ని చిన్నదని ఎందుకు అంటారు?

శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్లలోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడింది. అంతకుముందు అది 1977లో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయ పీజీ కేంద్రం. పాతతరం వాళ్ల నోట ఇప్పటికీ "పీజీ సెంటర్" అన్న మాటే వస్తుంది కాబట్టి, మీ ఊరి మాస్టారు ఆ పేరుతో చెబితే వేరే సంస్థ అనుకోకండి. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయంతో పోలిస్తే విభాగాల్లోనూ, విస్తీర్ణంలోనూ, విద్యార్థుల సంఖ్యలోనూ ఇది చిన్నదే.

చుట్టుపక్కల ఉన్న మిగిలిన సంస్థలతో కలగాపులగం చేసుకునేవారు చాలామంది. ఎచ్చెర్ల మండలంలోనే ఉన్న ట్రిపుల్ ఐటీ వేరు. అందులో పదో తరగతి తరువాత ఆరేళ్ల ఇంజనీరింగ్ చదువు ఉంటుంది. విజయనగరంలో ద్వారపూడి దగ్గరున్న ఇంజనీరింగ్ కళాశాల 2007లో మొదలై, 2022లో జేఎన్‌టీయూ గురజాడ విశ్వవిద్యాలయంగా మారింది. 2019 చట్టంతో వచ్చిన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం విజయనగరం పక్కనున్న కొండకరకంలో, ఒకప్పటి ఆంధ్ర విశ్వవిద్యాలయ పీజీ ప్రాంగణంలో తాత్కాలికంగా తరగతులు ప్రారంభించింది. వీటిలో ప్రవేశాల పద్ధతి దేనికదే. ప్రాంగణ జీవితం గురించి ఇక్కడ చెప్పే విషయాలు మాత్రం ఇంచుమించు అన్నింటికీ వర్తిస్తాయి.

చిన్న ప్రాంగణం కావడం వల్ల విద్యార్థికి రోజువారీగా కనిపించే తేడా ఏమిటి?

మీరెవరో అందరికీ తెలుస్తుంది. మంచికైనా చెడుకైనా అసలు తేడా ఇదే.

తరగతిలో ముప్పై నలభై మందికి మించని చోట రెండో వారానికల్లా అధ్యాపకులకు మీ పేరు, మీ ఊరు, మీరు డిగ్రీ ఎక్కడ చదివారన్నది తెలిసిపోతాయి. వరుసగా మూడు రోజులు కనిపించకపోతే విభాగం అటెండరు సైతం మీ స్నేహితుణ్ణి వరండాలో ఆపి, ఒంట్లో బాగోలేదా అని అడుగుతాడు. ప్రాజెక్టుకు మార్గదర్శకుడు కావలసినప్పుడు, పరిశోధనకు సిఫారసు లేఖ కావలసినప్పుడు, ఇంట్లో కష్టం వచ్చి పరీక్ష ఫీజు గడువు దాటిపోతున్నప్పుడు ఈ పరిచయమే ఆదుకుంటుంది. పెద్ద విశ్వవిద్యాలయాల్లో రెండేళ్లు చదివి, మార్కుల జాబితా తప్ప తమను గుర్తుపట్టే ఒక్క అధ్యాపకుడు కూడా లేకుండా బయటకు వచ్చినవారు కోకొల్లలు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. మీ సహవిద్యార్థుల్లో మీ పక్క ఊరివారో, మీ మేనత్త అత్తవారి ఊరివారో ఒకరైనా ఉంటారు. టీ కొట్టు దగ్గర మీరు ఎవరితో కూర్చున్నారన్న కబురు మీకంటే ముందే ఇల్లు చేరవచ్చు. ఒక అధ్యాపకుడితో మాటపట్టింపు వస్తే ఆయన్ను తప్పించుకుని తిరగడం కుదరదు, ఎందుకంటే వచ్చే సెమిస్టరులో ఇంకో పేపరు చెప్పేది కూడా ఆయనే కావచ్చు. గుంపులో గుంపుగా కలిసిపోయి ఎవరి కంటా పడకుండా రెండేళ్లు గడిపేద్దామనుకునేవారికి ఈ వాతావరణం ఇరుకుగా తోస్తుంది.

చదువు పరంగా చూస్తే, ఐచ్ఛికాంశాలు తక్కువగా ఉంటాయి. ఒక ప్రత్యేకాంశం బోధించే అధ్యాపకుడు పదవీ విరమణ చేసి, ఆ ఖాళీ భర్తీ కాకపోతే, కాగితం మీద ఉన్న ఆ అంశం తరగతి గదిలో ఉండదు. ఉన్నా అతిథి అధ్యాపకుల చేతుల మీదుగా నడుస్తుంది. మన రాష్ట్రంలో చిన్న విశ్వవిద్యాలయాలన్నింటికీ ఉన్న ఇబ్బంది ఇది. అందుచేత చేరే ముందు ఒక పూట తీరిక చేసుకుని నేరుగా విభాగానికి వెళ్లి, ఈ ఏడాది నిజంగా ఏయే ప్రత్యేకాంశాలు బోధిస్తున్నారో, ప్రయోగశాలలో ఏయే పరికరాలు పనిచేస్తున్నాయో రెండో సంవత్సరం విద్యార్థులను అడిగి తెలుసుకోండి. పుస్తకంలో అచ్చయిన వివరాల కన్నా వాళ్లు చెప్పేది నమ్మదగినది.

ప్రాంగణానికి ఎలా చేరుకోవాలి?

ఎచ్చెర్ల చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి 16 మీద, శ్రీకాకుళం పట్టణానికి విశాఖపట్నం వైపు సుమారు 10 కిలోమీటర్ల దూరంలో ఉంది. శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సు నుంచి పల్లెవెలుగు బస్సులు, సర్వీసు ఆటోలు దొరుకుతాయి. విశాఖ నుంచి వచ్చేవారు నాన్‌స్టాప్ బస్సు ఎక్కితే ఎచ్చెర్ల దాటి శ్రీకాకుళం దాకా పోయి వెనక్కి రావలసి వస్తుంది కనుక, ఎక్కే ముందే కండక్టరును అడగాలి.

రైలులో వచ్చేవారు గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. శ్రీకాకుళం రోడ్ అనే స్టేషను శ్రీకాకుళంలో లేదు, ఆమదాలవలసలో ఉంది. అక్కడ దిగి పట్టణానికి, పట్టణం నుంచి ఎచ్చెర్లకు రావాలి. రాత్రి రైలుకు దిగే ఆడపిల్లలు ఎవరినైనా ముందే స్టేషనుకు రమ్మనడం మంచిది.

2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం కింద రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు దగ్గర ఉంటే చాలు. అబ్బాయిలు విద్యార్థి పాస్ తీసుకోవాలి, దానికి విభాగం నుంచి చదువుతున్నట్టు ధ్రువీకరణ అవసరమవుతుంది. రహదారి దాటేటప్పుడు మాత్రం ప్రాణం మీద తీపి ఉండాలి. కోల్‌కతా లారీలకు మీ తరగతి వేళలతో పనిలేదు.

హాస్టల్లో ఉండాలా, ఇంటి నుంచి రోజూ రావాలా?

తల్లిదండ్రులు అన్నింటికంటే ఎక్కువగా తర్జనభర్జన పడే ప్రశ్న ఇది. ఇల్లు ఇరవై ముప్పై కిలోమీటర్ల లోపు ఉన్నవారు సహజంగానే రోజూ వచ్చిపోదామనుకుంటారు. ఖర్చు తగ్గుతుంది, ఇంటి తిండి దొరుకుతుంది, పొలం పనుల్లో చేయి అందించవచ్చు. అయినా వీలున్నవారు కనీసం మొదటి సంవత్సరమైనా హాస్టల్లో ఉండాలన్నదే నా అభిప్రాయం.

కారణం చెబుతాను. సాయంత్రం తరగతులు ముగిసిన అరగంటలో ప్రాంగణం సగానికి పైగా ఖాళీ అయిపోతుంది. సెమినారు మధ్యలో ఉన్నా, ప్రయోగం చివరి రీడింగు మిగిలే ఉన్నా, బస్సు వేళ దగ్గర పడుతుంటే వెనుక బెంచీలో సంచులు సర్దుకునే చప్పుడు మొదలవుతుంది. రాజాం వైపు పోవలసినవారు, పొందూరు వైపు పోవలసినవారు, రణస్థలం వైపు పోవలసినవారు ఎవరి బస్సు లెక్క వారిదే. తరగతిలో చెప్పింది అర్థం కానివాడు అర్థమైనవాణ్ణి అడిగి తెలుసుకునేదీ, పేపర్లో చదివిన విషయం మీద వాదన జరిగేదీ, నోట్సు చేతులు మారేదీ ఆ తరువాతే. ఉద్యోగ ప్రకటనలు మొదట తెలిసేది కూడా రాత్రి హాస్టలు వరండాల్లోనే. పగటి తరగతులు మాత్రమే చూసి వెళ్లిపోయేవారికి విశ్వవిద్యాలయంలో సగమే దక్కుతుంది.

ఇంటి నుంచి రాకతప్పనివారు ఉంటారు. నాన్న హైదరాబాదులోనో చెన్నైలోనో పనిలో ఉండి, అమ్మా నాయనమ్మా మాత్రమే ఇంట్లో ఉన్న కుటుంబాలు మన జిల్లాలో ఎన్నో. ఉడుపుల వేళ, కోతల వేళ హాజరు పలుచబడటం అధ్యాపకులకు కొత్త కాదు. మీ పరిస్థితి అదే అయితే దాచుకోకుండా విభాగాధిపతికి ముందే చెప్పండి. సెలవు చీటీ రాసి ఇవ్వండి. చెప్పకుండా మానేసి సెమిస్టరు చివర్లో బతిమాలుకోవడం కన్నా అది ఎంతో నయం. సాధారణంగా 75 శాతం హాజరు తప్పనిసరి. అనారోగ్యం వంటి కారణాలకు వైద్యుడి ధ్రువపత్రం, నిర్ణీత రుసుముతో కొంత మినహాయింపు ఇస్తారు, అంతకు మించి ఎవరి చేతుల్లోనూ ఏమీ ఉండదు.

హాస్టలు గది విషయంలో ఎక్కువ ఊహించుకోకండి. ఒక గదిలో ఇద్దరికి మించి సర్దుకోవలసి రావచ్చు. మంచం, బల్ల ఉంటాయి. పరుపు, బకెట్టు, తాళం, దోమతెర మీవే. రాష్ట్రంలో చాలా విశ్వవిద్యాలయాల్లో అమ్మాయిల హాస్టలు తలుపులు అబ్బాయిల హాస్టలు కంటే ముందే మూస్తారు. గ్రంథాలయం రాత్రి దాకా తెరిచి ఉందని ఒకవైపు చెబుతూ, చదువుకునేవారిలో సగం మందిని చీకటి పడగానే లోపలికి పంపేయడం నాకెప్పుడూ సమంజసంగా తోచలేదు. మీకూ అలాగే అనిపిస్తే, హాస్టల్లోనే చదువుకునే గది ఏర్పాటు చేయమని వార్డెనుకు పదిమందీ కలిసి రాతపూర్వకంగా ఇవ్వండి. నోటిమాటగా అడిగినది అక్కడే ఆగిపోతుంది.

మెస్ భోజనం ఎలా ఉంటుంది? బిల్లు ఎలా లెక్కిస్తారు?

భోజనం భోజనంలా ఉంటుంది. ఇంటి వంటతో పోల్చుకుంటే ఎవరికీ ముద్ద దిగదు. అన్నం, పప్పు, ఒక కూర, చారు లేదా సాంబారు, మజ్జిగ, వారంలో కొన్ని రోజులు గుడ్డు, ఆదివారం కోడికూర, ఇదీ మన ప్రాంతపు హాస్టళ్లలో మామూలుగా నడిచే వరస.

బిల్లు చాలాచోట్ల డివైడింగ్ పద్ధతిలో ఉంటుంది. నెలలో బియ్యం, పప్పులు, నూనె, కూరగాయలు, గ్యాసు, వంటవారి జీతాలకు అయిన మొత్తాన్ని విద్యార్థులందరూ తిన్న రోజుల మొత్తంతో భాగిస్తే రోజు ఖర్చు వస్తుంది. దాన్ని మీరు తిన్న రోజులతో గుణిస్తే మీ బిల్లు. నెల మొదటి వారంలో చేతులు కడుక్కునే తొట్టి పక్క గోడ మీద ఆ జాబితా అతికిస్తారు. తడి వేళ్లతో పేర్ల వెంట వెతుక్కుంటూ, "నేను నాలుగు రోజులు ఊరెళ్లాను కదా, ముప్పై ఎలా వేశారు?" అని మెస్ సెక్రటరీని నిలదీసే గొంతులు ఆ రోజు వినిపిస్తాయి. ఇంటికి వెళ్లేటప్పుడు మెస్ కట్ రిజిస్టరులో ముందుగా సంతకం చేసి వెళ్లినవారికి ఈ రగడ ఉండదు. విద్యార్థుల్లోంచి ఎన్నుకున్న మెస్ కమిటీ ఉన్నచోట సరుకులు కొనేటప్పుడు ఒకరోజు మీరూ వెంట వెళ్లండి. సాంబారు ఎందుకు పలచగా ఉందో కూరగాయల ధరలు చూస్తే సగం అర్థమవుతుంది, మిగతా సగం అడిగి తెలుసుకోవచ్చు.

సోమవారం పొద్దున్న ఊళ్ల నుంచి వచ్చే సంచుల్లో ఆవకాయ, కందిపొడి, అంబలి కాచుకోవడానికి చోడిపిండి (రాగిపిండి) ఉంటాయి. కొబ్బరి, జీడి తోటల ప్రాంతమైన ఉద్దానం వైపు నుంచి వచ్చేవారు వేసవిలో పనసకాయ తెస్తే ఆ వాసన రెండు రోజులు వరండా వదలదు. గదిలో ఎలక్ట్రిక్ స్టవ్ వాడటం నిషిద్ధం కనుక, అంబలి కోసం మెస్ వంటమనిషితో మంచిగా ఉండటమొక్కటే మార్గం.

మా పిల్లల మాటతీరును ఎవరైనా వెక్కిరిస్తారా? తెలుగు మాధ్యమంలో చదివినవారు ఇంగ్లీషు పాఠాలు తట్టుకోగలరా?

మొదటి ప్రశ్నకు జవాబు సులభం. ఇక్కడ అందరిదీ ఇంచుమించు అదే మాట. "ఏటి", "ఎల్తన్నాం" అనేవారే ఎక్కువ మంది ఉన్నచోట ఎవరు ఎవరిని వెక్కిరిస్తారు? విశాఖలోనో హైదరాబాదులోనో నోరు విప్పడానికి జంకే పిల్లలు ఇక్కడ ధైర్యంగా ప్రశ్న అడగగలగడం నా దృష్టిలో ఈ ప్రాంగణానికి ఉన్న గొప్ప బలం. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి 1863లో పుట్టింది ఈ జిల్లాలోని పర్వతాలపేటలోనే. ఆయన జయంతి ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకునేటప్పుడు, వేదిక మీద మాత్రం గ్రాంథికం దొర్లే ఉపన్యాసాలు వినవలసి రావడం వేరే సంగతి.

అయితే అందరికీ ఇంత సులువు కాదు. ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి వచ్చేవారిలో ఇంట్లో ఒడియా మాట్లాడేవారున్నారు. సీతంపేట, భామిని కొండల నుంచి వచ్చే సవర పిల్లలకు తెలుగే రెండో భాష, ఇంగ్లీషు మూడోది. వారు మాట్లాడటానికి తీసుకునే ఆ క్షణం ఆలస్యాన్ని కొందరు మందకొడితనంగా పొరబడతారు. సవర నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు తయారు చేసిన గిడుగు పుట్టిన జిల్లాలో కూడా ఈ పొరపాటు జరగడం విచారకరం. అలాంటి విద్యార్థి మీ తరగతిలో ఉంటే చర్చల్లో వారి వంతు వచ్చేదాకా ఓపిక పట్టడం మీరు చేయగలిగిన కనీస సాయం.

ఇంగ్లీషు విషయానికి వస్తే, మొదటి సెమిస్టరు కష్టంగానే ఉంటుంది. అధ్యాపకులు చాలామంది ఇంగ్లీషులో రాసి తెలుగులో వివరిస్తారు, అది అర్థమవుతుంది; జవాబు మాత్రం సొంతంగా ఇంగ్లీషులో రాయవలసి వస్తుంది. గైడు బట్టీ పట్టినవారు రెండో సెమిస్టరులో ప్రశ్న కొంచెం మారగానే తెల్లబోతారు. ప్రతి పాఠం తరువాత అరపేజీ అయినా సొంత వాక్యాల్లో రాసి, సీనియరు ఒకరితో దిద్దించుకుంటే సంక్రాంతి నాటికి చేయి తిరుగుతుంది.

ర్యాగింగ్ ఉంటుందా?

విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2009 నిబంధనల ప్రకారం ర్యాగింగ్‌కు శిక్ష సస్పెన్షన్ మొదలుకొని బహిష్కరణ దాకా ఉంటుంది. మన రాష్ట్రంలో 1997 నుంచి ప్రత్యేక చట్టమే ఉంది. విద్యార్థి, తల్లిదండ్రులు ఏటా హామీ పత్రం ఇవ్వాలి. జాతీయ సహాయవాణి 1800-180-5522 రాత్రింబవళ్లు పనిచేస్తుంది. చిన్న ప్రాంగణంలో విషయం దాగదు కాబట్టి ముదిరే అవకాశం తక్కువ. అయితే "పరిచయం" పేరుతో రాత్రిపూట గదికి పిలిపించుకోవడం కూడా ర్యాగింగ్ కిందికే వస్తుందని సీనియర్లలో కొందరికి తెలియదు, లేదా తెలియనట్టు నటిస్తారు. వెళ్లనవసరం లేదు.

లైంగిక వేధింపులు ఎదురైతే ఎవరికి చెప్పాలి?

ప్రతి విశ్వవిద్యాలయంలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలని పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం, యూజీసీ 2015 నిబంధనలు చెబుతున్నాయి. కమిటీ సభ్యుల పేర్లు, ఫోను నంబర్లు ప్రాంగణంలో అందరికీ కనిపించే చోట ఉంచాలి. చేరిన వారంలోనే వాటిని ఫోనులో భద్రపరుచుకోండి. సంఘటన జరిగిన మూడు నెలల్లోగా ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వాలి, తగిన కారణం ఉంటే గడువు మరో మూడు నెలలు పొడిగించే వీలుంది. అందరూ అందరికీ తెలిసిన చోట ఫిర్యాదు చేయడానికి వెనకాడటం సహజం. కానీ ఫిర్యాదు వివరాలు బయటపెట్టకూడదన్న నియమం కమిటీకి ఉంది, దానిని గుర్తు చేయడానికి మీకు పూర్తి హక్కు ఉంది.

గ్రంథాలయం ఎలా ఉపయోగపడుతుంది?

చదువుకునే గదిలోకి అడుగుపెట్టగానే ఎవరు ఏ విభాగమో పోల్చుకోలేరు. రసాయనశాస్త్రం వారి ముందూ, చరిత్ర వారి ముందూ గ్రూప్స్ పుస్తకాలో, డీఎస్సీ గైడ్లో, కరెంట్ అఫైర్స్ పత్రికలో ఉంటాయి. పీజీ సీటు అంటే రెండేళ్ల హాస్టలు, గ్రంథాలయం, ఉద్యోగ పరీక్షలకు తీరిక అని లెక్కవేసుకుని చేరేవారు ఉన్నారు. సర్కారు కొలువు ఒక్కటే ఇంటిని నిలబెడుతుందన్న నమ్మకం ఉన్న జిల్లాలో దాన్ని తప్పు పట్టలేం. కానీ చేరిన సబ్జెక్టును పూర్తిగా గాలికి వదిలేస్తే, ఉద్యోగం రానప్పుడు చేతిలో డిగ్రీ కాగితమే మిగులుతుంది.

సబ్జెక్టు మీద ఆసక్తి ఉన్నవారు తెలుసుకోవలసింది మరొకటుంది. 2025 జనవరి 1న మొదలైన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకంతో ప్రభుత్వ విశ్వవిద్యాలయాల విద్యార్థులకు ముప్పై ప్రచురణ సంస్థల నుంచి సుమారు 13,000 అంతర్జాతీయ పత్రికలు చదివే వీలు కలిగింది. అంటే ఒకప్పుడు ఢిల్లీలోనో హైదరాబాదులోనో తప్ప దొరకని వ్యాసం ఎచ్చెర్లలో కూర్చుని చదవవచ్చు. లైబ్రేరియనును అడిగి లాగిన్ తీసుకోండి. అడిగేవారు తక్కువ కనుక సంతోషంగా చూపిస్తారు.

అధ్యాపక ఉద్యోగ అర్హతకూ, పరిశోధన భృతికీ రాసే నెట్ పరీక్ష సాధారణంగా ఏడాదికి రెండుసార్లు, జూన్, డిసెంబరు విడతలుగా జరుగుతుంది. సైన్సు విద్యార్థులకు సీఎస్ఐఆర్‌తో కలిపి వేరే పరీక్ష ఉంటుంది. ఆ పరిశోధన భృతి (జేఆర్ఎఫ్) సాధిస్తే 2023 జనవరి నుంచి అమలులో ఉన్న రేటు ప్రకారం నెలకు రూ. 37,000 వస్తుంది. ఆ సొమ్ముతో ఇల్లు గడిపిన పరిశోధక విద్యార్థులు మన వైపు ఉన్నారు.

ఆటలకు అవకాశం ఉందా?

ఉంది. తెల్లవారుజామున మైదానంలో పరుగెత్తేవారిలో చాలామంది ఆటగాళ్లు కారు, కానిస్టేబులు, సైన్యం ఎంపికలకు 1600 మీటర్ల పరుగు సాధన చేసేవారు. వారితో కలిసి నెల రోజులు పరుగెత్తితే మీకూ ఒళ్లు తేలికపడుతుంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరిది ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట. పట్టణంలో స్టేడియానికి మల్లయోధుడు కోడి రామ్మూర్తి పేరు పెట్టుకున్నారు. అందుకే కాబోలు, మిగిలిన సదుపాయాల సంగతి ఎలా ఉన్నా, బరువులెత్తడం పట్ల ఇక్కడి పిల్లలకు మోజు ఎక్కువ.

పండుగలు, వేడుకలు ఎలా జరుగుతాయి?

ఏప్రిల్ 14 అంబేద్కర్ జయంతి ఈ ప్రాంగణానికి పేరునుబట్టి కూడా ముఖ్యమైన రోజు. స్వాగతోత్సవం, వీడ్కోలు విభాగాలవారీగా జరుగుతాయి. సంక్రాంతికి, ఊరి అమ్మవారి సంబరానికి హాస్టలు ఖాళీ అవుతుంది; దసరా తరువాతి మంగళవారం విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవానికి వెళ్లని స్నేహబృందం ఉండదు.

జాతీయ సేవా పథకంలో చేరితే రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల గ్రామ శిబిరం ఉంటాయి. ఫొటోల కోసం చీపురు పట్టుకునే శిబిరాలూ ఉంటాయి, నిజంగా ఊరివారితో కలిసి పనిచేసేవీ ఉంటాయి. కార్యక్రమ అధికారి ఎవరన్నదాన్ని బట్టి చేరండి.

కుల భేదాలు, రాజకీయాల సంగతి ఏమిటి?

లేవని చెబితే అబద్ధమవుతుంది. రాష్ట్రంలో విద్యార్థి సంఘాలకు ప్రాంగణ ఎన్నికలు ఏళ్లుగా జరగడం లేదు, అయినా పార్టీల అనుబంధ సంఘాలు, సామాజిక వర్గాల సంఘాలు పనిచేస్తూనే ఉంటాయి. స్కాలర్‌షిప్పు ఆలస్యమైనా, హాస్టల్లో నీళ్లు రాకపోయినా మొదట ధర్నాకు కూర్చునేది వారే, కాబట్టి వారిని మొత్తంగా దూరం పెట్టమని చెప్పను. గదులు పంచుకునేటప్పుడు మాత్రం "మనవాళ్లు" అన్న మాట వినిపిస్తుంది. మొదటి ఏడాది మీ సామాజిక వర్గం కాని, మీ మండలం కాని సహవిద్యార్థితో గది పంచుకోవడానికి ప్రయత్నించండి. వివక్ష ఎదురైతే ఎస్సీ, ఎస్టీ విభాగానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, అందినట్టు సంతకం తీసుకోండి.

సెలవు రోజు చుట్టుపక్కల చూడదగినవి ఏమున్నాయి?

అరసవల్లి సూర్యదేవాలయంలో మార్చి, అక్టోబరు నెలల్లో కొన్ని ఉదయాల వేళ సూర్యకిరణాలు మూలవిరాట్టును తాకుతాయి; ఆ రోజుల్లో జనం కిటకిటలాడుతారు. శ్రీకూర్మం వెళ్లి, అటు నుంచి వంశధార ఒడ్డున కొండ మీది శాలిహుండం బౌద్ధ అవశేషాలు, నది సముద్రంలో కలిసే కళింగపట్నం తీరం ఒక రోజులో చూసి రావచ్చు. శీతాకాలంలో టెక్కలి దగ్గరి తేలినీలాపురం పక్షులకు ప్రసిద్ధి. సాహిత్య విద్యార్థులైతే కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయానికి వెళ్లి తీరాలి. తెలుగు కథల కోసమే కట్టిన గ్రంథాలయం పది కిలోమీటర్ల దూరంలో ఉండగా ఒక్కసారీ చూడకుండా తెలుగు ఎం.ఏ. పూర్తి చేసేవారున్నారంటే నమ్మబుద్ధి కాదు.

తుపాను వస్తే ఏం చేస్తారు?

అక్టోబరు, నవంబరు నెలలు ఈ తీరానికి గండాలే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తీరం దాటాయి. తిత్లీ దెబ్బకు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమై, ఆ ఏడాది ఎన్నో ఇళ్లలో చదువుల ఖర్చుకు కటకట ఏర్పడింది. తుపాను హెచ్చరిక వస్తే తరగతులకు సెలవు ప్రకటిస్తారు, పరీక్షలు వాయిదా పడతాయి. ఆ సమయంలో ఇంటికి బయలుదేరడం కంటే హాస్టల్లో ఉండిపోవడమే క్షేమం. ఫోను నిండా ఛార్జి పెట్టుకోండి, బకెట్లలో నీళ్లు పట్టుకోండి, సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టి పై అలమరలో ఉంచండి. వాయిదా సమాచారం విశ్వవిద్యాలయ ప్రకటనలో చూస్తే తప్ప, వాట్సాప్ సందేశాన్ని నమ్మి పరీక్ష మానకండి.

చేరే రోజు ఏమేమి తీసుకురావాలి?

సీటు కేటాయింపు పత్రం, పదో తరగతి నుంచి డిగ్రీ దాకా మార్కుల జాబితాలు, బదిలీ ధ్రువపత్రం, ప్రొవిజనల్, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం, ఫొటోలు కావాలి. ఒరిజినల్స్ ఇచ్చే ముందు ఒక్కొక్కదానికి నాలుగైదు జిరాక్సులు తీయించి, ఫోనులో కూడా స్కాన్ చేసి ఉంచుకోండి. రెండేళ్ల మధ్యలో ఏ ఉద్యోగానికి దరఖాస్తు చేసినా అవి అవసరమవుతాయి.

స్కాలర్‌షిప్పుకు జ్ఞానభూమి పోర్టల్‌లో నమోదు, ఆధార్‌తో బ్యాంకు ఖాతా అనుసంధానం ముందే సరిచూసుకోవాలి. పదో తరగతి జాబితాలోని పేరుకూ ఆధార్‌లోని పేరుకూ ఒక్క అక్షరం తేడా ఉన్నా దరఖాస్తు ఆగిపోతుంది. ఇంటిపేరు ఒకచోట ముందు, మరోచోట వెనుక ఉండటం మన వైపు మామూలే కనుక దీన్ని వేసవిలోనే సచివాలయంలో సవరించుకోవడం తెలివైన పని.

హామీ పత్రాల మీద తల్లిదండ్రులే సంతకం చేయాలి. వారు వలస పనిలో దూరాన ఉంటే, స్థానిక సంరక్షకుడిగా తాతగారినో మేనమామనో చూపడానికి వీలుందేమో కార్యాలయంలో ముందు రోజే కనుక్కోండి. తాతగారిని ఇచ్ఛాపురం నుంచి బస్సులో తీసుకొచ్చి, ఆయన సంతకం చెల్లదని తెలిసి తిప్పి పంపవలసి రావడం కంటే ఒక్క ఫోను చేసి అడగడం తేలిక.